దత్తత ఫైలు మూసేశాక మా గోడు వినేదెవరు? హైదరాబాదులో మాలాంటి కుటుంబాలు ఉన్నాయా?

గోరింట

మేమిద్దరం అమెరికా పౌరులం, ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే) కార్డులున్నవాళ్లం. న్యూజెర్సీలో ఉండగా కారా (కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ) ద్వారా ఒడిశాలోని ఒక దత్తత కేంద్రం నుంచి పాపను తెచ్చుకున్నాం. అప్పటికి దానికి నాలుగేళ్లు నిండాయి. ఇప్పుడు ఏడు. మావారికి ఇక్కడికి బదిలీ కావడంతో ఈ వేసవిలో హైదరాబాదు వచ్చేశాం. కొండాపూర్‌లో ఉంటున్నాం.

అక్కడ ఉన్నంత కాలం ఏజెన్సీ నుంచి సోషల్ వర్కర్ ఇంటికి వచ్చేది. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి నివేదిక వెళ్లాలి కదా. బరువు, ఎత్తు, బడి, టీకాలు, నాలుగు ఫొటోలు. రెండేళ్లు నిండగానే ఫైలు మూసేశారు. అసలు ప్రశ్నలు మాకు ఆ తరువాతే మొదలయ్యాయి.

వినాయక చవితికి బంధువులంతా వచ్చారు. ఒక పెద్దావిడ పాప ఎదుటే "ఎంత పుణ్యం కట్టుకున్నారమ్మా" అంది. ఇంకొకాయన దాని బుగ్గ గిల్లి "అదృష్టమంటే నీది తల్లీ, లేకపోతే ఎక్కడ ఉండేదానివో" అన్నాడు. ఆ రాత్రి జడ విప్పుతుంటే అద్దంలోంచి నన్నే చూస్తూ అడిగింది: "అమ్మా, లేకపోతే నేను ఎక్కడ ఉండేదాన్ని?"

మా అత్తగారిది ఇంకో దారి. "కొత్త ఇల్లు, కొత్త ఇరుగుపొరుగు. ఎవరికీ చెప్పకండి. నీ కడుపున పుట్టిందనే అనుకోనీ" అంటారు. ప్రేమతోనే అంటారు, అది నాకు తెలుసు. ఇవి చాలవన్నట్టు బడిలో వచ్చే వారానికి వంశవృక్షం గీసి, పుట్టినప్పటి ఫొటో అతికించి తెమ్మన్నారు. మా దగ్గరున్న మొదటి ఫొటోలో దానికి మూడేళ్లు. గుండు చేసి ఉంటుంది, పెద్ద గౌను భుజం మీంచి జారిపోతూ ఉంటుంది.

నేను అడిగేవి రెండు. బంధువుల నోళ్లు మీరెలా కట్టించారు? విదేశాల్లో ఉండి దత్తత తీసుకొని ఇక్కడికి వచ్చేసిన కుటుంబాలు ఎవరైనా ఉన్నారా?

వెన్నెల నాన్న

ఉన్నాం. సైనిక్‌పురి. మేము డెట్రాయిట్ నుంచి వచ్చాం, మా అమ్మాయి మహారాష్ట్ర నుంచి మా ఇంటికి వచ్చింది.

లెక్క చూసినా మనం కొద్దిమందిమే. 2024-25లో కారా ద్వారా 4,515 దత్తతలు జరిగితే అందులో 4,155 దేశంలోనే ఉన్న కుటుంబాలవి. మిగతా పిల్లలు ప్రపంచమంతటా తలో దేశానికీ వెళ్లారు. వాళ్లలో తిరిగి హైదరాబాదు చేరేది ఎందరు? అందుకే ఎవరికి వారు మేమొక్కరమే అనుకుంటూ కూర్చుంటారు.

మూసీతీరం

అత్తగారి మాటలో తప్పేముంది? మా అన్నయ్య కొడుకు దత్తత వచ్చినవాడే. వాడికి ఇరవై దాటాయి. ఇంట్లో ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు, వాడికీ చెప్పలేదు. హాయిగా ఇంజనీరింగ్ చదువుకుంటున్నాడు. ప్రతిదీ పిల్లల ముందు పరచి పెట్టడం ఈ మధ్య వచ్చిన అలవాటు. కన్నబిడ్డలాగే పెంచినప్పుడు ఇక చెప్పడానికి ఏముంటుంది?

డల్లాస్ హైదరాబాదీ

మూసీతీరం గారూ, హాయిగా ఉన్నాడని ఎలా చెప్పగలరు? వాడికే తెలియని విషయం మీద వాడి అభిప్రాయం మీరెలా చెబుతారు? నేను దత్తత వెళ్లిన మనిషిని. సాయంత్రం వివరంగా రాస్తాను, ఇప్పుడు ఆఫీసులో ఉన్నాను.

నల్లకుంట నానమ్మ

గోరింటా, నీ అత్తగారి వయసు నాది. మా మనవడు అమెరికా నుంచి వచ్చాడు, పుట్టింది మాత్రం మన దేశంలోనే. ఆవిడ తరఫున ఒక మాట చెబుతాను. మా తరం వాళ్లకు భయాలు ఉంటాయి, అవి బయటికి చెప్పరు. గోత్రం ఏమవుతుంది, రేపు పెళ్లికి ఎవరైనా వేలెత్తి చూపుతారా, పెద్దయ్యాక "మీరెవరు" అని అడుగుతుందా. వీటిని ఒక్కొక్కటిగా కూర్చోబెట్టి తీర్చాలి. "మీకు తెలియదు అత్తయ్యా" అన్నావంటే తలుపు మూసుకుపోతుంది.

మా ఇంట్లో పురోహితుడు ఒక్క క్షణం తడుముకోలేదు. దత్తత తీసుకున్న తండ్రి గోత్రమే బిడ్డ గోత్రం అన్నాడు, సంకల్పంలో అలాగే చదివాడు. జన్మ నక్షత్రం తెలియదంటే పేరును బట్టి చూస్తామన్నాడు. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించడానికి వెళ్తే ఎవరూ ఏమీ అడగనే లేదు.

ఇక బంధువుల సంగతి. నేనైతే పండుగకు ముందే అందరికీ ఫోను చేసి చెప్పేస్తాను. "మా ఇంటికి వచ్చి పిల్లవాడి ముందు పుణ్యం, అదృష్టం అంటే నేను ఊరుకోను, భోజనం మధ్యలో ఉన్నా సరే అక్కడే ఆపేస్తాను" అని. పెద్దదాన్ని కనుక నా మాట చెల్లుతుంది. నీ అత్తగారిని నీ వైపు తిప్పుకుంటే ఆ పని నీకంటే ఆవిడ బాగా చేస్తారు. వాడు ఎవరి పోలిక అని ఎవరైనా అడిగితే "మొండితనం నాది, ఆకలి వాళ్ల తాతయ్యది" అంటాను. వాడు పొంగిపోతాడు.

ఎదురుచూపు

ఫోను చేసి ముందే చెప్పడం! ఇది రాసి పెట్టుకుంటున్నాను.

నల్లకోటు

నానమ్మగారి మాటకు కొద్దిగా చట్టం చేరుస్తాను, పెద్దవాళ్లకు కాగితం చూపిస్తే ధైర్యం వస్తుంది. బాలల న్యాయ చట్టం 2015లో 63వ సెక్షన్ ప్రకారం దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి బిడ్డ ఆ తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డతో అన్ని విధాలా సమానం. వీలునామా లేకపోయినా వారసత్వం వస్తుంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద జరిగితే దత్త హోమం (దత్తతప్పుడు చేసే హోమం) తప్పనిసరి కాదని 11వ సెక్షన్‌లోనే రాసి ఉంది. చేసుకుంటే సంతోషం, చేయకపోయినా దత్తత చెల్లుతుంది.

తెల్లకోటు

పిల్లల వైద్యురాలిని. గోరింట గారూ, పాప తిండి, నిద్ర ఎలా ఉన్నాయి? ఇల్లు మారింది, దేశం మారింది, బడి మారింది. మీకిది సొంత ఊరికి తిరిగి రావడం. దానికి మాత్రం ఇంకోసారి అన్నీ వదిలి రావడం. పాత అలవాట్లు మళ్లీ తలెత్తే సమయం ఇదే.

గోరింట

సరిగ్గా అదే జరుగుతోంది డాక్టరు గారూ. అమెరికాకు వచ్చిన కొత్తలో రొట్టె ముక్కలు దాచేది, తరువాత మానేసింది. ఇక్కడికి వచ్చాక మొన్న దిండు గలీబు కింద చీమల బారు కనిపించింది. తీసి చూస్తే చేతిరుమాలులో చుట్టిన ఇడ్లీ, సగం కొరికిన బెల్లం ముక్క. నాకు కడుపు తరుక్కుపోయింది. ఏమీ అనలేదు.

తెల్లకోటు

ఏమీ అనకపోవడమే మంచిది. తాళం లేని చిన్న స్టీలు డబ్బా ఒకటి దానికే ఇవ్వండి. వేరుశనగ ఉండలు, మరమరాలు, ఖర్జూరాలు, ఏవైనా చెడిపోనివి. మంచం పక్కన పెట్టి, ఖాళీ అయితే నింపుతానని చెప్పండి. చెప్పినట్టే నింపండి. ఎప్పుడు తిన్నావు, ఎంత తిన్నావు అని అడగవద్దు. రాత్రి అందుబాటులో తిండి ఉందన్న నమ్మకం కుదిరితే దాచడం దానంతట అదే తగ్గుతుంది. దొంగతనం అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, ముఖ్యంగా పనివాళ్ల దగ్గర జాగ్రత్త.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. కేంద్రాల్లో ఎదుగుదల వెనుకబడిన పిల్లలు ఇంటికి వచ్చాక వేగంగా పుంజుకుంటారు. ఆడపిల్లల్లో ఇలా జరిగినప్పుడు రజస్వల త్వరగా రావచ్చు. స్వీడన్‌కు దత్తత వెళ్లిన భారతీయ అమ్మాయిల మీద చేసిన పరిశీలనలో 1990ల తొలినాళ్లలోనే ఇది బయటపడింది. ఎనిమిదేళ్లు నిండకముందే శరీరంలో మార్పులు కనిపిస్తే హార్మోన్ల నిపుణులకు చూపించండి. కాగితాల్లో ఉన్న పుట్టినతేదీ అంచనా వేసి రాసినదైతే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు చూస్తారు కానీ అది కూడా అంచనాయే, తేదీ చెప్పదు.

వెన్నెల నాన్న

మాకూ పుట్టినతేదీ అంచనాయే. వెన్నెల ఒకసారి "నా అసలు పుట్టినరోజు నాకు తెలియకుండా వెళ్లిపోతుంటే ఎలా" అని ఏడ్చింది. దానికి మా దగ్గర జవాబు లేదు. కాగితం మీది తేదీన కేకు కోస్తాం, ఇంటికి వచ్చిన రోజున గుడికి వెళ్తాం. ఈ రెండోది చేయాలా వద్దా అన్నది దాని ఇష్టానికే వదిలేశాం.

బడిగంట

కూకట్‌పల్లిలో ప్రాథమిక తరగతులకు చెబుతాను. వంశవృక్షం పని ఇచ్చే ఉపాధ్యాయులకు చెడ్డ ఉద్దేశం ఉండదు, పాఠ్యపుస్తకంలో 'నా కుటుంబం' ఉంది కనుక ఇస్తారు. రేపే వెళ్లి టీచరుతో విడిగా మాట్లాడండి. పాప కథంతా చెప్పనక్కరలేదు. "పుట్టినప్పటి ఫొటో మా దగ్గర లేదు, నచ్చిన ఫొటో ఏదైనా అతికించవచ్చని తరగతి మొత్తానికీ చెప్పండి" అంటే చాలు. మొత్తానికి అన్నది ముఖ్యం. మీ పాపకు ఒక్కదానికే మినహాయింపు ఇస్తే నలుగురి కళ్లూ దాని మీదే పడతాయి.

నా తరగతిలో నేను చెట్టు బొమ్మ ఇవ్వడం మానేశాను. 'నా ఇంట్లోవాళ్లు, నన్ను చూసుకునేవాళ్లు' అని గీయమంటాను. అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్లు ఉంటారు, నాన్న పోయినవాళ్లు ఉంటారు, ఇద్దరు అమ్మలున్న ఇళ్లూ ఉంటాయి. ఒక అబ్బాయి వాళ్ల అపార్టుమెంటు వాచ్‌మన్‌నూ, ఆయన కుక్కనూ గీశాడు. మంచి మార్కులు వేశాను.

ఎదురుచూపు

మాది ఇంకా ముందు దశ. టెక్సాస్‌లో ఉంటున్నాం, బాబు కర్ణాటకలో ఉన్నాడు, మూడేళ్లు. కారా నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వచ్చింది, జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు రావాలి. తరువాత ఆర్టికల్ 23 ధ్రువపత్రం (దత్తత అంతర్జాతీయ నియమాల ప్రకారమే జరిగిందని కారా ఇచ్చేది), పాస్‌పోర్టు, వీసా. మా కుటుంబాలు హైదరాబాదులోనే ఉన్నాయి. బాబును తీసుకోవడానికి వెళ్లినప్పుడు కేంద్రంలో ఏమేమి అడగాలి? అక్కడ ఎక్కువ సమయం ఇవ్వరని అంటున్నారు.

వెన్నెల నాన్న

డాక్టరు కాగితాలు వాళ్లే ఇస్తారు. మీరు ఆయమ్మతో మాట్లాడండి. ఏ పక్కకు తిరిగి పడుకుంటాడు, దీపం ఉండాలా, అన్నం గట్టిగా తింటాడా మెత్తగానా, ఏడిస్తే ఎవరి దగ్గరికి పరుగెత్తుతాడు, మంచి స్నేహితుడు ఎవరు, ఏ పేరుతో పిలుస్తారు. ఆవిడ గొంతు ఫోనులో రికార్డు చేసుకోవడానికి అనుమతి అడగండి. వాడు కప్పుకునే దుప్పటి ఇస్తే తీసుకోండి, ఉతకవద్దు. ఆ వాసనే మొదటి రాత్రుల్లో ఆదుకుంటుంది.

నాన్నలకు ఒక మాట. కేంద్రాల్లో ఉండేది దాదాపు అందరూ ఆడవాళ్లే. కొంతమంది పిల్లలు మగవాళ్లను దగ్గరగా చూసి ఉండరు. వెన్నెల నేను గదిలోకి వస్తే గోడకు అతుక్కుపోయేది. నేను ఎత్తుకోవడానికి ప్రయత్నించలేదు. రోజూ సాయంత్రం నేల మీద కూర్చొని నా పనేదో నేను చేసుకునేవాడిని, ఉల్లిపాయలు ఒలవడం, బూట్లకు పాలిష్ వేయడం. ఒకరోజు తన చెప్పు తెచ్చి నా ముందు పెట్టి వెనక్కి వెళ్లి నిలబడింది. పాలిష్ వేయమని! రబ్బరు చెప్పు. వేశాను. అప్పటి నుంచి ఇంట్లో అన్ని చెప్పులూ మెరిసిపోయాయి.

నల్లకుంట నానమ్మ

రబ్బరు చెప్పుకు పాలిష్! బంగారు తల్లి.

డల్లాస్ హైదరాబాదీ

ఇప్పుడు రాస్తాను. నేను 1999లో పుట్టాను, ఈ చుట్టుపక్కలే. ఏడాదిన్నర వయసులో నన్ను దత్తత తీసుకున్న అమ్మానాన్నలు తెలుగువాళ్లు, డల్లాస్‌లో స్థిరపడినవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లం. ముఖాలు, భాష అన్నీ కలిసిపోయేవి కనుక బయటివాళ్లకు అనుమానం రాదు. తెల్లజాతి కుటుంబాల్లో పెరిగిన నా స్నేహితులకు నా సంగతి సులువుగా కనిపిస్తుంది. కానీ కలిసిపోవడం వల్లే మా ఇంట్లో దాచడం సాధ్యమయ్యేది. అమ్మ దాచలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఫలానా రోజున చెప్పారు అన్నది నాకు గుర్తే లేదు, అంటే అంత చిన్నప్పుడే చెప్పారు. ఈ ఒక్క పనికి ఆవిడకు ఎంతో రుణపడి ఉన్నాను.

మూసీతీరం గారూ, రెండు వేర్వేరు సంగతులు మీరు ఒకటిగా చూస్తున్నారు. పక్కింటివాళ్లకు చెప్పాలా వద్దా అన్నది ఒకటి. బిడ్డకు చెప్పాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి చెప్పనక్కరలేదు అనే నేనూ అంటాను. నా కథ నాది, ఎవరికి చెప్పాలో నేను చూసుకుంటాను, అమ్మ కూడా నన్ను అడగకుండా ఎవరికీ చెప్పదు. రెండోదానికి మాత్రం బేరం లేదు. మీ అన్నయ్య కొడుకు ఏదో ఒక రోజు డాక్టరు ముందు కూర్చుంటే "మీ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా" అని అడుగుతారు. వాడు మీ అన్నయ్య ఆరోగ్యం చెబుతాడు. ఏదో పెళ్లిలో ఎవరో నోరు జారుతారు. అప్పుడు వాడికి బాధ కలిగేది దత్తత గురించి కాదు, ఇంతమందికి తెలిసి తనకొక్కడికే తెలియనందుకు.

నా ఫైలులో నన్ను కన్న తల్లి గురించి ఉన్నది ఒక పేజీ. ఇష్టపూర్వకంగా అప్పగించినట్టు రాసి, కింద వేలిముద్ర. 1999లో, మళ్లీ 2001లో ఇక్కడి లంబాడా తండాల నుంచి ఆడపిల్లలను డబ్బిచ్చి తెచ్చి దత్తత కేంద్రాల్లో చేర్చిన వ్యవహారం పత్రికల్లో వచ్చింది, కేసులు నడిచాయి. పేదరికం వల్లో ఆడపిల్ల అనో అప్పగించడాన్ని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో నిషేధించింది. నేను అదే కాలం బిడ్డను. నా కాగితం నిజమో కాదో నాకు తెలియదు. ఆ వేలిముద్ర పెట్టిన మనిషికి అందులో ఏం రాసి ఉందో చదివి వినిపించారా? అదీ తెలియదు. "అదృష్టవంతురాలివి" అని ఎవరైనా అంటే నాకు ఆ వేలిముద్ర కళ్ల ముందు నిలుస్తుంది. గోరింట గారూ, మీ పాపకు ఇంత వయసులో ఇదంతా తెలియదు. కానీ "లేకపోతే ఎక్కడ ఉండేదాన్ని" అన్న ప్రశ్న ఇటువైపే వెళ్తుంది. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఆ అమ్మ గురించి చెడుగానూ చెప్పవద్దు, కథ అల్లి దేవతనూ చేయవద్దు.

మూసీతీరం

మీరు రాసినది రెండుసార్లు చదివాను. డాక్టరు సంగతి నేను ఆలోచించని మాట. అన్నయ్యతో మాట్లాడతాను, వింటాడని నమ్మకం లేదు. ఇంత ఆలస్యంగా చెబితే చదువు మధ్యలో పిల్లవాడు దెబ్బతినడా అన్న నా భయం మాత్రం పోలేదు.

తెల్లకోటు

ఆ భయం సహజమే. ఇరవై ఏళ్ల వాడికి చెప్పేటప్పుడు పరీక్షల ముందు వద్దు, శుభకార్యం ముందు వద్దు. దత్తత కుటుంబాలతో పనిచేసిన కౌన్సెలరును ముందుగా తల్లిదండ్రులే కలవాలి. చెప్పాల్సింది మాత్రం వాళ్లే, మీరు కాదు.

దారిదీపం

అసలు విదేశీ దత్తతలే ఉండకూడదని నా అభిప్రాయం. చైనా 2024 సెప్టెంబరులో ఆపేసింది. నెదర్లాండ్స్ కూడా 2024లో కొత్త దరఖాస్తులు తీసుకోవడం మానేసింది. దక్షిణ కొరియాలో 2025 మార్చిలో ప్రభుత్వ సత్య కమిషనే పాత దత్తతల్లో తప్పుడు కాగితాలు సృష్టించారని తేల్చింది. ఇక్కడే పెంచుకునేవాళ్లు ఏళ్ల తరబడి వరుసలో ఉంటే బయటికి పంపడం ఎందుకు?

వెన్నెల నాన్న

మీ బాధ అర్థమవుతుంది. కానీ వెన్నెలకు అప్పట్లో గుండె ఆపరేషన్ అవసరం ఉండేది. దేశంలోని కుటుంబాలకు చూపించారు, ఎవరూ ముందుకు రాలేదు, ఆ తరువాతే మాకు వచ్చింది. పెద్ద వయసు పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, తోబుట్టువులు, వీళ్ల కోసం వరుస లేదు. వరుస అంతా ఆరోగ్యంగా ఉన్న పసిపాపల కోసమే.

డల్లాస్ హైదరాబాదీ

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. నేను దత్తత వద్దని అనను. కాగితం సరిగ్గా ఉండాలి అంటాను. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు నియమాలు పెట్టింది, 1990లో కారా వచ్చింది, 2003లో భారత్ దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందాన్ని ఆమోదించింది. అంటే 1999లో నియమాలు లేక కాదు, ఉండి కూడా అవన్నీ జరిగాయి. అందుకే మీ పిల్లల ఫైళ్లలో ప్రతి కాగితం దాచండి. చిన్న చీటీ అయినా సరే.

గోరింట

మీరు మూలాల అన్వేషణకు, అంటే కన్నవాళ్ల వివరాలు వెతకడానికి, దరఖాస్తు చేశారా? అడగకూడనిది అయితే వదిలేయండి.

డల్లాస్ హైదరాబాదీ

చేశాను. పద్దెనిమిది నిండితే మనమే అడగవచ్చు. అంతకంటే చిన్నవాళ్లయితే తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు చేయాలి. మన తరఫున మూడో మనిషి వెతకడానికి నియమాలు ఒప్పుకోవు. కన్నవాళ్లు గోప్యత కోరి ఉంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం లేనిదే వివరాలు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. వాళ్లు దొరక్కపోయినా, వద్దన్నా, ఏ పరిస్థితుల్లో అప్పగించారో అంతవరకు చెబుతారు. నన్ను తీసుకొన్న కేంద్రం ఇప్పుడు లేదు, రికార్డులు వేరే చోటికి చేరాయి. నాకు దొరికింది ఒక మండలం పేరు. ఆ రోజు అమ్మ డల్లాస్ నుంచి వచ్చి కార్యాలయంలో నా పక్కన కూర్చుంది. మండలం పేరు చదవగానే నాకంటే ముందు ఆవిడే "వెళ్దామా?" అంది. ఇంకా వెళ్లలేదు. నేను సిద్ధంగా లేను.

పూలకుండీ

గోరింట గారూ, పాపకు ఒడియా గుర్తుందా? మా వీధిలో కట్టడం పనికి వచ్చిన ఒడిశా కుటుంబాలు చాలా ఉన్నాయి. బంజారాహిల్స్‌లో జగన్నాథ ఆలయం ఉంది, ఆషాఢంలో రథయాత్ర చేస్తారు, నగరంలోని ఒడియావాళ్లంతా వస్తారు. తీసుకువెళ్తే సంతోషిస్తుందేమో.

గోరింట

తీసుకువెళ్లాం పూలకుండీ గారూ, కానీ సంతోషించలేదు. గుడి చూసి బాగానే ఉంది. ప్రసాదం దగ్గర ఒకావిడ ఒడియాలో ఏదో అడగగానే బిగుసుకుపోయి నా చీర కుచ్చిళ్లు పట్టుకొని వదల్లేదు. కారులో "మనం మన ఇంటికే వెళ్తున్నామా?" అని అడిగింది. మాటలు మరచిపోయింది, కానీ ఆ భాష వినిపిస్తే మళ్లీ అక్కడికి తీసుకువెళ్లి వదిలేస్తామని భయపడింది కాబోలు.

తిండి దగ్గర మాత్రం వేరే కథ. మా అత్తగారు ఒకరోజు ఉదయం చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ, పచ్చిమిరప వేసుకొని తింటుంటే వెళ్లి పక్కన కూర్చుంది. ఒక ముద్ద అడిగింది. తరువాత గిన్నె మొత్తం లాక్కుంది. ఒడిశాలో పఖాళ అని అచ్చం ఇలాంటిదే తింటారని మాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు రోజూ రాత్రి అత్తగారు దానికోసమే అన్నం మిగిల్చి నీళ్లు పోసి పెడుతున్నారు.

నల్లకుంట నానమ్మ

చూశావా, అత్తగారు నీ వైపు వచ్చేశారు. ఆ చద్దన్నం దగ్గరే కూర్చోబెట్టి, ఇది పాప పుట్టిన ఊరి తిండి అని ఆవిడకు చెప్పు. ఒడిశా అన్న మాట ఆ ఇంట్లో ఆవిడ నోటి నుంచే రావాలి.

తెల్లకోటు

నానమ్మగారితో ఏకీభవిస్తున్నాను. భాష, గుడి, ఊరు, వీటికి పాపను లాగవద్దు. అది ఎంత అడిగితే అంత. వెళ్లేముందు "వెళ్తాం, తిరిగి ముగ్గురం ఇంటికి వస్తాం" అని స్పష్టంగా చెప్పండి, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పండి.

నల్లకోటు

విదేశాల నుంచి వచ్చినవాళ్లకు కాగితాల సంగతి. పాప ఐహెచ్-3 (దత్తత ఇక్కడే పూర్తయిన పిల్లలకిచ్చే) వీసాతో అమెరికా వెళ్లి ఉంటే 2000 నాటి పిల్లల పౌరసత్వ చట్టం ప్రకారం అక్కడ అడుగు పెట్టగానే పౌరురాలు, పౌరసత్వ ధ్రువపత్రం ఇంటికి వస్తుంది. అది వచ్చిందో లేదో చూసుకోండి. పాస్‌పోర్టు ఉంది కదా అని ఊరుకోవద్దు. పాత భారతీయ పాస్‌పోర్టు సరెండర్ చేసిన పత్రం దాచండి. పదహారేళ్ల లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లకే ముగుస్తుంది. ఇరవై ఏళ్లు నిండేవరకు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ దాని ప్రతినీ, ఫొటోనూ ఓసీఐ వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే ఓసీఐ ఉన్నవాళ్లు ఆధార్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

బడిలో దత్తత ఉత్తర్వు అడిగితే ఇవ్వవద్దు. పుట్టినతేదీ ధ్రువపత్రంలో తల్లిదండ్రులుగా మీ పేర్లే ఉంటాయి, ప్రవేశానికి అది చాలు. ఇరుగుపొరుగులో ఎవరికీ తెలియక్కరలేదన్న డల్లాస్ గారి మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది.

పూలకుండీ

ఇంతమంది ఉన్నారు కదా, ఒకసారి కలుద్దామా? మాది దేశంలోపలి దత్తతే, ఇక్కడి ప్రభుత్వ శిశువిహార్ నుంచి. మేము రావచ్చా, విదేశాల నుంచి వచ్చినవాళ్లకేనా?

వెన్నెల నాన్న

నాకైతే విదేశాల నుంచి వచ్చినవాళ్లం మొదట విడిగా కలిస్తే బాగుంటుందనిపిస్తుంది. రెండు దేశాలు, మూడు భాషలు మారిన పిల్లల కష్టం వేరు. అక్కడి ఉచ్చారణతో ఇక్కడి బడిలో మాట్లాడితే వేళాకోళం చేస్తారు.

డల్లాస్ హైదరాబాదీ

నేను ఒప్పుకోను. నా చిన్నప్పుడు డల్లాస్‌లో మా అమ్మ వేర్వేరు దేశాల దత్తత పిల్లలందరినీ కలిపి పార్కుకు తీసుకువెళ్లేది. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారన్నది మేం పట్టించుకోలేదు. నాలాంటి పిల్లలు ఇంకా ఉన్నారని కళ్లారా చూడటమే నాకు కావాల్సి వచ్చింది. అందరూ రానివ్వండి. నేనూ వస్తాను, పిల్లలు పెద్దయితే ఎలా ఉంటారో తల్లిదండ్రులకూ చూసినట్టుంటుంది.

వెన్నెల నాన్న

సరే, మీ మాటే ఖాయం. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ అయితే అందరికీ మధ్యలో ఉంటుంది, మెట్రోలో అసెంబ్లీ స్టేషన్ దగ్గర దిగవచ్చు. వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున్నే. ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకూడదు, ఈ ఒక్క నియమం అందరూ పాటించాలి.

నల్లకుంట నానమ్మ

పులిహోర నాది. చద్దన్నం తినే పిల్లకు వేరే డబ్బా తెస్తాను.

ఎదురుచూపు

మేం అప్పటికి కర్ణాటక వచ్చి ఉంటాం అనుకుంటున్నాం. బాబు చేతికి వచ్చి కొద్ది రోజులే అయితే గుంపులోకి తీసుకురావచ్చా?

తెల్లకోటు

వద్దు. బాబును అప్పుడే పదిమంది చేతుల్లోకి వెళ్లనివ్వవద్దు, మొదట్లో తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం మీరిద్దరే చేయాలి. ఒకరు ఇంట్లో బాబుతో ఉండి, ఇంకొకరు రండి.

బడిగంట

మా చెల్లెలి కొడుకు కూడా దత్తత వచ్చినవాడే, ఈ మధ్యే మెల్‌బోర్న్ నుంచి వచ్చారు. వాడు శబ్దానికి చెవులు మూసుకుంటాడు. ఆదివారం అక్కడ రద్దీ ఎలా ఉంటుంది?

పూలకుండీ

ఎనిమిదింటికల్లా వస్తే ప్రశాంతంగానే ఉంటుంది, నడకకు వచ్చేవాళ్లే ఉంటారు. పదింటి తరువాత పిల్లల గుంపులు పెరుగుతాయి. నేను ముందే వెళ్లి పెద్ద చెట్ల కింద చాపలు పరచి ఉంచుతాను. వాడికి ఒక చాప కాస్త దూరంగా వేస్తాను, రావాలనిపించినప్పుడు వస్తాడు.